గాడిదకు పరుపు

పరుపుల కొట్టు నుంచి,
జూన్ నెల.

వదినగారికి మీ మరదలి నమస్కారాలు.

ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. ఈ ఉత్తరం నిజానికి మీ తమ్ముడు రాయాలి. రాయమంటే కలం పట్టుకుని, దూదిలో గింజ వెతుకుతున్నట్టు కాగితం వంక చాలాసేపు చూసి, "నువ్వు రాయి, అక్కకి నీ మీద ఇంకా కోపం రాలేదు" అని లేచి వెళ్ళిపోయారు. పెళ్ళయి ఏడాదైనా మీతో నేను నోరు తెరిచి మాట్లాడింది లేదు. మీరు వచ్చినప్పుడల్లా తలుపు చాటునే ఉన్నాను. మాట్లాడడం నాకు చేతకాదు. చదివింది తక్కువే అయినా రాయడం కొంచెం వచ్చు.

సంగతేమిటంటే, మన పెరట్లో ఒక గాడిద ఉంది.

పోయిన వారం ఇటుక బట్టీ యజమాని ఇంట్లో పరుపు దించి, తోపుడు బండితో తిరిగి వస్తున్నాం. బట్టీ దారిలో ఇది పడిపోయి ఉంది. ముందుకాలు వాచింది. వీపు మీద గోనెసంచి ఒరుసుకుని చర్మం లేచిపోయింది. బట్టీ మేస్త్రీ దాని సంచిలోంచి ఇటుకలు తీయించి ఇంకో గాడిద మీదికి ఎక్కిస్తున్నాడు. ఇటుకలు పగలకుండా చాలా జాగ్రత్తగా తీయిస్తున్నాడు. మీ తమ్ముడు అక్కడే నిలబడిపోయారు. రమ్మన్నా కదలరు. ఆయన సంగతి మీకు తెలియనిదా. చివరికి మేస్త్రీకే విసుగొచ్చి, "కావాలంటే తీసుకుపోండి, నాకు గొయ్యి తవ్వే పని తప్పుతుంది" అన్నాడు. ఇటుకలు మోసేవాళ్ళందరూ నవ్వారు. పరుపు దించిన బండి ఖాళీగానే ఉంది కదా, దాని మీద ఎక్కించుకొచ్చాం. మన వీధి మొదట్లో కిరాణా కొట్టాయన మీ తమ్ముణ్ణి ఆపి, పరుపుకి మారుగా గాడిదనిచ్చారా అని అడిగాడు. వేళాకోళమని తెలియక ఈయన, కాదండీ, పరుపు లెక్క వేరు అని వినయంగా జవాబు చెప్పారు.

మీకు తెలియకుండా ఉంచకూడదని రాస్తున్నాను. ఈ ఇల్లు మీ కష్టం. మీరు ఊఁ అంటే ఉంచుకుంటాం.

మీ మరదలు

*

హాస్టల్ వంటగది నుంచి,
జూన్ చివర.

మరదలికి,

నీ ఉత్తరం పొయ్యి దగ్గర నిలబడి చదివాను. హాస్టల్ నిండా ఉన్న ఆడపిల్లలకి పొద్దున్నుంచి వండి పోసేదాన్ని, నాకు నవ్వడానికి తీరిక దొరకదు. ఆ తీరిక నువ్వు కల్పించావు. సంతోషం.

గాడిదట. ఆవు కాదు, గేదె కాదు, కనీసం కోడి కూడా కాదు. ఇంట్లో ఇదివరకే ఒకటుందని ఏడాది కాపురంలో నీకు తెలిసిరాలేదా? మా వాడు చిన్నప్పుడు రెక్క విరిగిన కాకిపిల్లను చొక్కాలో దాచుకుని బడికెళ్ళాడు. ఎక్కడెక్కడి కాకులూ వచ్చి బడి పైకప్పు మీద చేరాయి. మాస్టారు గుమ్మం దాటిన ప్రతిసారీ నెత్తి మీద తన్నాయి. ఆ మహానుభావుడు కాకిపిల్ల ఎగిరిపోయేదాకా గొడుగు వేసుకుని పాఠం చెప్పాడు. అప్పుడే వాణ్ణి బడి మాన్పించి దూది ఏకడంలో పెట్టాను. దూది ఏకేవాడికి కాకులతో పనుండదనుకున్నాను. తర్వాత, వాడికి బుద్ధి చెప్పే పిల్ల కావాలని కాళ్ళరిగేలా తిరిగి నిన్ను వెతికి తెచ్చాను. నువ్వు బండికి రెండోపక్క పట్టి తోసుకొచ్చావన్నమాట.

ఒక్కటే అడుగుతాను. అది ఇక మోస్తుందా? మోయదు. పాలిస్తుందా? ఇవ్వదు. పనికిరానిదాన్ని ఇంట్లో పెట్టుకుని ఎవరైనా మేపుతారా? నేను ఇన్నేళ్ళుగా ఇక్కడ గరిటె తిప్పుతున్నాను. ఒక్కరోజు ఒంట్లో బాగాలేదని పడుకోలేదు. పడుకున్నదాన్ని లేపి ఎవరూ అన్నం పెట్టరని నాకు తెలుసు.

వానలు వెనకబట్టాక వస్తాను. నేనొచ్చేసరికి అది అక్కడ కనిపించకూడదు. పెరటివైపు నా గది గొళ్ళెం ఎవరూ ముట్టుకోవద్దు. మంచం మీద దుప్పటి ఎలా పరిచి వచ్చానో నాకు గుర్తుంది.

నీ వదిన

*

పరుపుల కొట్టు నుంచి,
జూలై నెల.

వదినగారికి నమస్కారాలు.

మమ్మల్నిద్దర్నీ కలిపి దూది ఏకినట్టు ఏకారు. మీ ఉత్తరం చదివి వినిపిస్తే మీ తమ్ముడు, "అయితే అక్క ఆరోగ్యంగానే ఉంది" అని సంతోషించారు.

దాన్ని పంపేయడానికి ఇంకా వీలుకాలేదు. లేచి నిలబడింది గానీ కుంటుతోంది. వీపు మీది పుండు మేం తెచ్చినప్పటికంటే పెద్దదైంది. అది మా నిర్వాకమే. మీ తమ్ముడికి తెలిసిన మందు లోకంలో ఒకటే, దూది. మెత్తగా ఉంటుంది పాపం అని ఏకిన దూది తెచ్చి పుండు నిండా కూరారు. మర్నాటికది అట్టకట్టి అతుక్కుపోయింది. పశువుల డాక్టరు వచ్చి, ఇది గాడిదా దిండా అని అడిగి, నీళ్ళతో నానబెట్టి ఒక్కొక్క పోగే పీకించారు. పీకింది మీ తమ్ముడే కాబట్టి గాడిద న్యాయంగా ఆయన భుజమే కరిచింది. కిరాణా కొట్టాయన ఆ కథ సరుకు కొన్నవాళ్ళకీ కొననివాళ్ళకీ చెబుతున్నాడు.

ఇప్పుడు ఇంకోరకంగా చేశారు. పుండు ఉన్నచోట ఖాళీ వదిలి, చుట్టూ దూది కూరి, చారలగుడ్డతో చిన్న పరుపు కుట్టి వీపు మీద కట్టారు. గుడ్డ తగలదు, ఈగ వాలదు. బట్టీ యజమాని పరుపుకి వేసిన కుట్టే దీనికీ వేశారు. తొందరగా వేయండి అంటే, వంకర పోతే చూసేవాళ్ళు ఏమనుకుంటారు అన్నారు. గాడిద వీపు ఎవరు చూస్తారండీ అని నేననలేదు.

ఒక వింత రాస్తాను. తెల్లారగానే అది గోడ దాకా వెళ్ళి ఆగుతుంది. కాసేపు నిలబడి, తిరిగి వంటింటి మెట్టు దాకా వచ్చి ఆగుతుంది. బట్టీ గాడిదలంతేనట. ఎక్కించే చోటుకీ దించే చోటుకీ మధ్య ఎవరూ తోలకుండానే తిరుగుతాయట. నా ఎదురుగా వచ్చి, నేను ఇటుకలు దించుతానని నిలబడుతుంది. వీపు మీద ఏముంది దించడానికి? మొదట్లో ఊరికే చూసేదాన్ని. అది కదలదు. ఇప్పుడు గిన్నెలు తోముతూనే లేచి, మెడ పక్కన చేత్తో రెండుసార్లు దులుపుతాను. దించేశారనుకుని వెనక్కి మళ్ళుతుంది. అటూ ఇటూ తిరుగుతుంది, ఏమీ మోయదు కాబట్టి మీ తమ్ముడు దానికి మేనేజరు అని పేరు పెట్టారు.

వానలు బాగా పడుతున్నాయి. దాన్ని తడవని చోటే ఉంచుతున్నాం.

మీ మరదలు

*

హాస్టల్ నుంచి,
ఆగస్టు నెల.

మరదలికి,

అక్షరాలు కోడి గీకినట్టున్నాయని నవ్వకు. కలం బాగాలేదు.

గాడిదకు పరుపు కుట్టారన్నమాట. నా గదిలో మంచం మీద ఉన్నది చాప, చాప మీద దుప్పటి. పరుపుల కొట్టు పెట్టుకున్న తమ్ముడు ఇన్నేళ్ళలో అక్కకొక పరుపు కుట్టింది లేదు. నేను అడగలేదనుకో. గాడిద అడిగిందా?

తడవని చోటు అని రాశావు, ఏ చోటో రాయలేదు. నేను వంటమనిషిని. మూత తీయకుండానే లోపల ఏం మాడుతోందో వాసన పడతాను.

మన ఊళ్ళో జీవకారుణ్య సంఘం అని ఒకటుంది. దాని కార్యదర్శి గారమ్మాయి ఇక్కడ చదువుకుంటోంది. నా చేతి వంట తిని పెరిగిన పిల్ల. వాళ్ళు చదువుకున్నవాళ్ళు, బోర్డు ఉన్నవాళ్ళు. జంతువుల్ని చూసుకోవడానికి అలాంటివాళ్ళుండగా దూదివాళ్ళకెందుకు? నేను చేయాల్సింది చేశాను.

నీ వదిన

*

మీ గది గుమ్మంలోంచి,
సెప్టెంబరు నెల.

వదినగారికి,

మీరు చేయాల్సింది చేశారు. వాళ్ళు వచ్చారు.

మీ తమ్ముడు దూది కొనడానికి వెళ్ళి ఇంట్లో లేని పూట వచ్చారు. కార్యదర్శి గారు, ఫొటోలు తీసే ఆయన, ఇంకా కొందరు పెద్దమనుషులు. గాడిద పక్కన ఎవరు ఎక్కడ నిలబడాలన్న దాని మీద కాసేపు పేచీ నడిచింది. వెనకకాళ్ళ వైపు దయ చూపడానికి ఎవరూ ముందుకు రాలేదు.

ఎవరిదో గాడిద మీ పెరట్లో చేరిందని మీ వదినగారు రాశారు, ఇది మీదేనా అని కార్యదర్శి గారు అడిగారు. నేను తలుపు చాటున ఉన్నాను. మాది కాదండీ, కానీ మేమే తెచ్చుకున్నాం, మేమే చూసుకుంటాం అని చెప్పాలి. "మాది కాదండీ" దాకా వచ్చింది. మిగతాది గొంతులోనే ఉండిపోయింది. ఆయనకి ఆ మాత్రం చాలు. వీపు మీది పరుపును ముట్టుకుని చూసి, ఇంత శ్రద్ధగా కుట్టించారంటే దీనికి మంచి యజమాని ఉన్నాడు, పాపం ఎక్కడెక్కడ వెతుక్కుంటున్నాడో అన్నారు. తప్పిపోయిన ప్రాణిని యజమానికి చేర్చడమే వాళ్ళ సంఘం పద్ధతట. బోర్డు మీద కూడా ఉందట.

ఊళ్ళో గాడిదలుండేది ఇంకెక్కడ? నేరుగా బట్టీకి తోలుకెళ్ళారు. ఇది మీదేనా అని మేస్త్రీని అడిగారట. నిలబడి ఉన్న గాడిదను తెచ్చి మీదేనా అంటే కాదనే మేస్త్రీ ఎక్కడుంటాడు? ఈ పరుపు కూడా మీరే కుట్టించారా అని అడిగితే, అవునండీ అన్నాడట. అందరూ చప్పట్లు కొట్టారట. ఫొటోను గ్రంథాలయం గోడకి అంటించారు. నేను వెళ్ళి చూశాను. మేస్త్రీ, కార్యదర్శి గారు, మధ్యలో మేనేజరు. సిగ్గుతో తల వంచుకున్నది మేనేజరు ఒక్కటే.

పరుపు కుట్టకుండా దిక్కులేనిదానిలా వదిలేస్తే, అనాథ అనుకుని వాళ్ళే ఉంచుకునేవాళ్ళేమో. మేం బాగా చూడడమే దాని ఖర్మకొచ్చింది. మీ తమ్ముడు దబ్బనం ముట్టుకోవడం మానేశారు.

తడవని చోటు ఏదని అడిగారు కదా. మీ గది. జూన్ నెల నుంచీ మీ గదే. మంచం వసారాలో వేశాం, దుప్పటి మడిచి పెట్టెలో పెట్టాను. ఇప్పుడు గది ఖాళీ. గొళ్ళెం పెట్టేశాను. మీరు ఎప్పుడైనా రావచ్చు. పనికిరానిదేదీ ఇప్పుడీ ఇంట్లో లేదు.

మరదలు

*

ఇక్కడి నుంచి,
అక్టోబరు మొదట్లో.

మరదలికి,

నీకు ఇంత నోరుందని తెలిస్తే ఆ సంబంధం కలుపుకునేదాన్నే కాదు.

నా గదిలో గాడిదను కట్టేశావు. దాని గురించి రాయాలంటే ఈ కలం చాలదు. కార్యదర్శికి చదువు తప్ప ఇంకేమీ లేదని ఒప్పుకుంటున్నాను. వాళ్ళ కొట్టంలో ఉంచుకుంటారనే రాశాను. బట్టీకి తోలతారని నాకేం తెలుసు? పోనీ, పోయింది పని ఉన్న చోటికే కదా. పని ఉన్న చోటే దేనికైనా ఇంత తిండి. పని చేయలేనివాళ్ళు ఒకరి గుమ్మం ముందు నిలబడి నా మొహం చూడండి అనకూడదు. నేనైతే అనను.

ఈ ఏడు రావడానికి కుదరదు. హాస్టల్లో పని ఎక్కువగా ఉంది. గదిలో దూది నింపుకోండి.

వదిన

*

పరుపుల కొట్టు నుంచి,
అక్టోబరు నెల.

వదినా,

ఈసారి వదిన పక్కన "గారు" రాయలేదు. చివరిదాకా చదివితే ఎందుకో మీకే తెలుస్తుంది.

మీ ఉత్తరం వచ్చిన మర్నాడు బండి తీసుకుని బట్టీకి వెళ్ళాం. మీ తమ్ముడు మామూలుగానే అక్కడికెళ్ళి నిలబడిపోయారు. మన చారల పరుపును రాయి మీద వేసుకుని మేస్త్రీ దర్జాగా కూర్చున్నాడు. మధ్యలో కన్నం ఉన్న పరుపు, సుఖంగానే ఉండి ఉంటుంది. మేనేజరు ఇటుకలతో ఎదురొచ్చింది. దించే చోటు అటువైపు. అయినా నన్ను చూసి మలుపు తిరిగి, నా ముందుకొచ్చి ఆగింది. నేను దించుతానని. పుండు మళ్ళీ పచ్చిగా అయిపోయింది.

చేత్తో దులిపితే పోయే బరువు కాదు. అందుకని సంచిలోంచి ఇటుకలు తీసి కింద పేర్చడం మొదలుపెట్టాను. మేస్త్రీ కూర్చున్న చోటి నుంచే, ఎవరమ్మా నువ్వు, అది నా గాడిద అని కేకేశాడు.

అప్పుడు మాట్లాడాను వదినా.

"గొయ్యి తవ్వారా?" అన్నాను.

"ఏం గొయ్యి?"

"దీనికి తవ్వాల్సింది. ఆ పని తప్పుతుందనే కదా మాకిచ్చారు. ఇది మీదే అయితే ఆ గొయ్యి ఎక్కడుందో చూపించండి. దీన్ని ఇక్కడే వదిలేసి పోతాం."

ఆ రోజు నవ్వినవాళ్ళే మళ్ళీ నవ్వారు. ఈసారి మేస్త్రీని చూసి. వాళ్ళలో ఒక ముసలావిడ వచ్చి రెండోవైపు ఇటుకలు దించింది. మేస్త్రీ, పట్టుకుపొండి, కుంటిదానికి మేత దండగ అన్నాడు. నేను కదల్లేదు. ఇంకేం కావాలన్నాడు.

"లేవండి. పరుపు మాది" అన్నాను.

లేచాడు. మీ తమ్ముడు దాన్ని దులిపి చంకన పెట్టుకుని, కుట్లు తెగాయేమో చూసుకుంటూ వచ్చారు.

దారిలో కార్యదర్శి గారి ఇంటి ముందు నుంచే వచ్చాం. కావాలనే. ఆయన గేటు దగ్గరికి వచ్చి, అయ్యో, మళ్ళీ తప్పిపోయిందా అని అడిగారు. ఆయనతో మాట్లాడి నోరు పాడుచేసుకోలేదు. సెలవులకి వచ్చిన వాళ్ళమ్మాయి లోపల్నుంచి వచ్చి, మీ వదినగారి చెయ్యి ఎలా ఉంది అని అడిగింది. ఏ చెయ్యి అన్నాను. మరుగుతున్న నీళ్ళ గుండిగ జారి కుడిచెయ్యి కాలిందట. వేళ్ళు ముడుచుకుపోయాయట. గరిటె పట్టలేరని కొత్త వంటమనిషిని పెట్టుకున్నారట. మీరు గిన్నెలు కడిగే ఆవిడ గదిలో తలదాచుకున్నారట. మీకు తెలియదా అని ఆ పిల్ల ఆశ్చర్యపోయింది. మీ తమ్ముడు బండి పట్టుకుని రోడ్డు మీదే కూర్చుండిపోయారు. ఆయన్నీ గాడిదనీ ఇంటికి చేర్చేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఇంటికొచ్చి మీ ఉత్తరాలు తీశాను. హాస్టల్ వంటగది నుంచి అని ఒకటి. హాస్టల్ నుంచి అని ఇంకోటి. ఇక్కడి నుంచి అని చివరిది. కలం బాగాలేదని రాశారు. కలాన్నెందుకు ఆడిపోసుకుంటారు? పనికిరానిదాన్ని ఎవరైనా మేపుతారా అని అడిగారు కదా. మేపుతాం. మాకు అలవాటైపోయింది.

మీ గది కడిగించాను. మేనేజరుకి గోడవారగా రేకులు వేశాం. గదిలో వాసన ఇంకా కొంచెం మిగిలింది. మీకు తిట్టుకోవడానికి ఏదైనా ఉండాలని అలాగే వదిలేశాను. మీ తమ్ముడు మళ్ళీ దబ్బనం పట్టారు. వసారాలో మీ మంచం కొలత తీసుకున్నారు. ఈసారి మధ్యలో కన్నం లేదు. కళ్ళు తుడుచుకుంటూ కుడుతున్నారు కాబట్టి కుట్టు కాస్త వంకర పోతోంది.

రానని మాత్రం రాయకండి. రాశారంటే బండి తోసుకుని నేనే వస్తాను. హాస్టల్ గేటు ముందు నిలబడి, ఈ వంటమనిషి మీదేనా అని అందరికీ వినపడేలా అడుగుతాను. కాదంటారు. తోలుకొచ్చేస్తాను.

మీ మరదలు

*

గిన్నెలు కడిగే ఆవిడ గది నుంచి,
అక్టోబరు చివర.

మరదలికి,

నన్ను గాడిదతో కలిపి రాసినందుకు నీ సంగతి ఇంటికొచ్చి చెబుతాను. ఎడమచేత్తో రాస్తున్నాను కాబట్టి తిట్లు తగ్గించాను. కొత్తగా వచ్చిన వంటమనిషికి ఉప్పు ఎప్పుడు వేయాలో తెలియదు. పిల్లలు నా గది ముందుకొచ్చి మొహాలు వేలాడేసుకుని నిలబడుతున్నారు. నేనేం చేస్తాను, నన్ను చూస్తే కడుపు నిండుతుందా?

పరుపు మరీ మెత్తగా కుట్టొద్దని వాడితో చెప్పు. నడుం పట్టేస్తుంది. వంకర కుట్టు ఉంటే విప్పి మళ్ళీ వేయమను, ఏడుపు కళ్ళతో పని చేయమని నేను నేర్పలేదు.

ఆ మేనేజరో ఎవరో నా గుమ్మం ముందు నిలబడితే నేను వంగి సేవలు చేయను. మెడ పక్కన రెండుసార్లు దులపాలన్నావు. ఎడమచేత్తో దులిపినా కదులుతుందా? ఊరికే అడుగుతున్నాను.

శుక్రవారం సాయంత్రం బస్సుకి దిగుతాను. నా పెట్టె బరువు. బండి తెమ్మను, వాడూ నువ్వూ తోసుకుంటూ రండి. తేలికవుతుంది కదా అని దాన్ని గాడిద మీద గానీ ఎక్కించారో, అదే బస్సులో వెనక్కి పోతాను. దాని వీపు ఇంకా పచ్చిగానే ఉందని రాశావు.

నీ వదిన